ఉప్పలాచారి తరుగు

ఉప్పలయ్య అసలు పేరు ఉప్పలయ్య కాదు, ఉప్పలాచారి. చివరి "చారి"ని జనగామ నుంచి ఉప్పల్ వచ్చే బస్సులో వదిలేశాడు. నాచారం పారిశ్రామికవాడలో ఒక విత్తనాల కంపెనీ ల్యాబుకు సీసాలు కడిగే మనిషి కావాలంటే వెళ్ళి నిలబడ్డాడు. "ఇంతకుముందు ఏం పని చేసేవాడివోయ్?" అని డైరెక్టర్ జగన్మోహన్ గారు అడిగారు. "వడ్ల పని సార్. కుర్సీలు, బల్లలు జేస్తుంటి" అని రెప్పపాటులో అబద్ధమాడేశాడు. జన్మలో ఒక్క మేకు తిన్నగా కొట్టిన మనిషి కాదు. ఇంట్లో మంచం కోడు ఊగితే కింద అట్టముక్క మడిచి పెట్టుకునే రకం.

అతను కంసాలి. వాళ్ళవైపు ఔసలాయన అంటారు. తాత, తండ్రి, తాను, ముగ్గురూ జనగామ బజారులో ఒకే కుంపటి ముందు కూర్చుని నడుములు వంచుకున్నవాళ్ళు. అలాంటివాడు వడ్రంగినని ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో ముందే చెప్పాలి. చెప్పకపోతే తక్కిన కథంతా ఉత్త నవ్వులాటగా మిగిలిపోతుంది.

బంగారం కరిగించినా, ఆకురాయి పెట్టినా, మెరుగు దిద్దినా కాస్త పోతుంది. నిప్పు తినేది నిప్పు తింటుంది, ఆకురాయి తినేది ఆకురాయి తింటుంది. దాన్ని తరుగు అంటారు. అది కంసాలి పొట్టలోకే పోతుందని గిరాకీలకు గట్టి నమ్మకం. జనగామలో అద్దాల షోరూము తెరిచిన ఏడాది దుర్గమ్మ అనే ఆవిడ తన పాత గుండ్లపేరు ఉప్పలాచారి చేత తిరిగి చేయించుకుంది. తిన్నగా షోరూము కాటా మీద పెట్టించి, బజారు నడుమ నిలబడి గొంతెత్తింది. "నా బంగారం తగ్గింది. ఔసలోడు మింగిండు" అని. తగ్గింది బంగారం కాదు, పాత గుండ్ల లోపల ఉన్న లక్క. ఉప్పలాచారి ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు. దుర్గమ్మ గొంతు ముందు అతని గొంతు ఏపాటిది? అతని తండ్రి ఆ తరవాత నెల రోజులు గడప దాటలేదు. దాటిన రోజున నలుగురి భుజాల మీద దాటాడు.

ఉప్పలాచారి కుంపటి ఆర్పేశాడు. ఊదుగొట్టం, మూస, గీటురాయి, పట్టకార్లు ఒక రేకు డబ్బాలో పడేసి, భార్య శారదమ్మను తీసుకుని ఉప్పల్ చిలకానగర్‌లో రెండు గదుల్లోకి దిగాడు. మళ్ళీ బంగారం ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. కష్టకాలంలో ఇంట్లో బంగారమంతా కరిగిపోయి శారదమ్మ ముక్కుకు గిల్టు పుల్ల ఒకటి మిగిలింది. కంసాలి పెళ్ళానికి గిల్టు ముక్కుపుల్ల. ఆ సంగతి రోజుకోసారి గుర్తుచేయకుండా ఆమె అతనికి అన్నం వడ్డించేది కాదు.

ఇదంతా రెండువేల నాలుగులో మాట, ఉప్పల్లో స్టేడియం గోడలు లేస్తున్న రోజులు. ల్యాబులో అతని పై అధికారి డాక్టర్ శ్యామలాదేవి. బాపట్ల మనిషి. చదువు మీద చదువు చదివి చివరికి జొన్న దగ్గర ఇరుక్కుపోయింది. కాండం తొలిచే పురుగు జోలికి రాని జొన్నను పుట్టించాలని ఆవిడ పట్టుదల. అందుకని పాలకంకి గింజలోంచి పిండాన్ని తీసి, గాజుపళ్ళెంలో మందులు కలిపిన జావ మీద పెట్టేవారు. అది వెంటనే మొలకెత్తకుండా పిండిముద్దలా ఉబ్బుతుంది. ఆ ముద్దలోకి పురుగును ఆపే జీను ఎక్కించి, మళ్ళీ ఆ ముద్దలోంచే మొక్కలు తీయాలి. వినడానికి ఇంతే. జొన్న మాత్రం ఎవరి మాటా వినేది కాదు. అలిగి నల్లని రసం కార్చి, ఆ రసంలోనే తాను చచ్చేది.

"ఈ గడ్డితో వేగలేకపోతున్నానండీ ఉప్పలయ్య గారూ" అంది ఆవిడ ఒకరోజు.

"గడ్డేంది మేడం. జొన్నలు గద."

"జొన్న కూడా గడ్డేనండీ. వరి, చెరుకు, వెదురు, అన్నీ గడ్డిజాతే."

ఆ మధ్యాహ్నం ఉప్పలయ్య టిఫిన్ డబ్బా తెరిచి జొన్నరొట్టెను చాలాసేపు చూశాడు. సాయంత్రం ఇంటికి పోయి, "ఇన్నేండ్లు నాకు గడ్డి వెట్టినవన్నట్టు" అన్నాడు శారదమ్మతో. "తిన్నోనికి తెల్వాలె" అంది ఆమె చెయ్యి ఆపకుండా.

సీసాలు కడిగేవాడు సీసాల దగ్గరే ఉంటే బాగుండేది. కాని చేతులు ఊరుకోవు కదా. ఒకనాడు శ్యామలాదేవి నువ్వుగింజంత ముద్దను పట్టకారుతో ఎత్తలేక ముచ్చెమటలు పోస్తుంటే, ఉప్పలయ్య అందుకుని నలగకుండా తీసి పక్క పళ్ళెంలో పెట్టాడు. ఆవిడ ముద్దను వదిలేసి అతని వేళ్ళను చూసింది.

"వడ్రంగి చేతులు ఇంత సున్నితంగా ఉంటాయా అండీ?"

"సిన్న సిన్న కుర్సీలు జేసేటోళ్ళం మేడం" అన్నాడు ఉప్పలయ్య.

ఆవిడ ఆ జవాబును ఎలా మింగిందో తెలియదు గాని, మర్నాటి నుంచి అతన్ని ముద్దల పనిలో పెట్టుకుంది. ఏడాది తిరిగేసరికి ఒక పెద్ద పెట్టె వచ్చింది. అందులో ఉన్నది గన్ను అన్నారు. గేటు దగ్గర కాపలా ఉండే పోశయ్య లైసెన్సు చూపిస్తే గాని లోపలికి పంపనని అడ్డం కూర్చున్నాడు. అది జీన్ గన్. జీనును సన్నటి పొడికి పూసి, ఆ పొడిని చిన్న బిళ్ళ మీద ఆరబెట్టి, గ్యాసు ఒత్తిడితో ఆ బిళ్ళను టప్పున విసిరితే, బిళ్ళ జల్లెడకు తగిలి ఆగిపోతుంది, పొడి మాత్రం దూసుకెళ్ళి జొన్న ముద్దలో దిగబడుతుంది. ఇంతవరకు ఉప్పలయ్య శ్రద్ధగానే విన్నాడు.

"ఏం పొడి మేడం?" అని అడిగాడు.

"బంగారమండీ" అంది శ్యామలాదేవి.

ఉప్పలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. దేన్ని వదిలి యాభై మైళ్ళు పారిపోయి వచ్చాడో అది వెతుక్కుంటూ నాచారం వచ్చింది. కాని ఆవిడ బుడ్డి మూత తీసి చూపించాక అతని భయం పోయి కోపమొచ్చింది. లోపల ఉన్నది ముక్కుపొడి రంగులో మట్టి. మెరుపు లేదు, తళుకు లేదు.

"మేడం, మిమ్ముల మోసం జేసిన్రు" అన్నాడు.

ఆవిడ నవ్వింది. ఒక్కో రేణువు వెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా ఉండదని, అంత సన్నగా ఉంటే బంగారం మెరవదని, గోధుమరంగులోనే కనిపిస్తుందని చెప్పింది. ఉప్పలయ్య తల ఊపాడు గాని ఒక్క అక్షరం నమ్మలేదు. మూడు తరాలుగా బంగారం చూసిన కళ్ళు అవి. గట్టిగా వాదించాలంటే ఆ కళ్ళు తనకెక్కడివో చెప్పుకోవాలి. కుర్చీలు చేసేవాడికి బంగారం గురించి ఏం తెలుసు? నోరు మూసుకున్నాడు. నోరు మూసుకోవడం అతనికి ఎంత కష్టమైందంటే, ఆ వారమంతా ముద్ద ఎత్తినప్పుడల్లా పళ్ళు నూరుకుంటున్నాడని శ్యామలాదేవి పళ్ళ డాక్టరు చిరునామా రాసిచ్చింది.

ప్రతిసారీ గన్ను కొట్టాక ఆ బిళ్ళను, జల్లెడను ఆవిరి కుక్కర్లో ఉడికించి పారేయాలని రూలు. జీన్లతో పని కాబట్టి ఏదీ అలాగే బయటికి పోకూడదు. ఉడికించడం ఉప్పలయ్య పని, ఉడికించేవాడు. పారేయడం కూడా అతని పనే. అది మాత్రం ఎందుకో అతని వల్ల కాలేదు.

రెండేళ్ళు గడిచాయి. జీను లోపలికి పోయిందో లేదో తెలుసుకోవడానికి ముద్దను ఒక మందులో నానబెడతారు. పోయిన చోట నీలం చుక్క పడుతుంది. శ్యామలాదేవి పళ్ళేల్లో రెండు చుక్కలు, మూడు చుక్కలు, ఒక్కోసారి అవీ లేవు. "పొడి ఉండలు కట్టేస్తోంది, అదీ గొడవ" అని ఆవిడ తనలో తాను గొణుక్కునేది. నకిలీ సరుకు ఉండలు కట్టక ఏం చేస్తుందని ఉప్పలయ్య కూడా తనలో తానే అనుకునేవాడు.

రెండువేల ఏడులో ఒక శనివారం జగన్మోహన్ గారు ఆవిడను గదిలోకి పిలిచారు. బయట సీసాలు తుడుస్తున్న ఉప్పలయ్యకు ప్రతి మాటా వినిపించింది. గురువారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళకు చుక్కలు కనిపించకపోతే ప్రాజెక్టు మూత. "మీరు కూడా ఇంకోచోటు చూసుకోవాలి మేడం" అన్నారాయన, తలుపు తెరిచి ఉన్న సంగతి పట్టించుకోకుండా. ఆవిడ బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. కడిగిన చేతులనే మళ్ళీ కడుక్కుంది. కొత్త బుడ్డి కస్టమ్స్‌లో ఇరుక్కుంది. ఫ్రిజ్‌లో ఒక్క ట్యూబు పొడి మిగిలింది. దాంతోనే మంగళవారం గన్ను కొట్టాలి.

ఉప్పలయ్య కడుపు మండిపోయింది. ఇంత చదువుకున్న మనిషి, ఇంత మంచి మనిషి, ఎవడో మట్టి అమ్మితే కొనుక్కుని ఉద్యోగం పోగొట్టుకోవడమా. అది నకిలీ అని తాను సోమవారానికల్లా రుజువు చేస్తే, తప్పు అమ్మినవాడిదని ఆవిడ కమిటీకి చూపించుకోవచ్చు. ఒక్క చిటికెడు చాలు పరీక్షకు. ట్యూబును చొక్కా జేబులో వేసుకుని ఇంటికి పోయాడు. అది దొంగతనమని అతనికి తోచనే లేదు. రెండేళ్ళుగా మూసుకున్న నోరు తెరిచే సమయం వచ్చిందని మాత్రం తోచింది.

ఆదివారం పొద్దున్నే రేకు డబ్బా దించాడు. ఊదుగొట్టం చేతికి తగలగానే వేళ్ళు వాటంతట అవే పట్టుకున్నాయి. వంటింట్లో బొగ్గులు రాజేసి, చిటికెడు పొడి బొగ్గు మీద పెట్టి ఊదాడు. అలవాటు తప్పిన ఊపిరి కదా, పొడి ఎగిరి శారదమ్మ తరిగి పెట్టుకున్న మెంతికూర మీద పడింది.

"పొయ్యికాడ నీకేం పనయ్యా" అంది ఆమె.

"ఊకో. ఒగ మోసం వట్టుకుంటున్న."

ఇంకో చిటికెడు. అదీ మెంతికూరకే పోయింది. ఇలా లాభం లేదని, మిగతాదంతా మూసలో పోసి, వెలిగారం చల్లి, కూర్చుని ఊదాడు. అతనికి తెలిసిన పద్ధతి అదొక్కటే. నకిలీదైతే మసిగా మిగలాలి. మూస ఎర్రబడింది. మట్టి వణికింది, దగ్గరకు జరిగింది, ఒక్కసారి కన్ను కొట్టినట్టు మెరిసి గుండ్రంగా ముడుచుకుంది. చల్లార్చి తీస్తే ఆవగింజంత పూస. గీటురాయి మీద గీసి చూశాడు. అంత మేలిమి అతని తాత చేతుల్లో కూడా పడి ఉండదు.

"సొక్కం" అన్నాడు ఉప్పలాచారి. మూడేళ్ళ తరవాత తన ఊపిరితో బంగారం కరిగింది. ఆ సంతోషంలో అరనిమిషం లోకం మరిచిపోయాడు.

శారదమ్మ వంగి చూసింది. ఆమెకూ తెలుసు సొక్కమంటే ఏమిటో. "ఏడిదిది?" అంది.

"ఆఫీసుది."

ఆమె పీట మీద కూలబడింది. "మామ వోయింది సాలదా? మళ్ల అదే మాట వడ్తవా? ఔసలోడు, బంగారం మాయమైంది. ఇగ ఎవరన్న అడుగుతరా, సూస్తరా?"

అప్పుడు గాని అతనికి తెలివి రాలేదు. శ్యామలాదేవికి కావలసింది పొడి. ఆ పొడిని తాను పూస చేశాడు. ప్రపంచంలో ఎవరు చేసినా మెచ్చుకునే పని చేసి, ఒక్క ఆవిడకు మాత్రం పనికిరాకుండా చేశాడు. ఆకురాయి తీసి పూసను ఒక మూల రుద్దాడు, ఆ రజనును కల్వంలో వేసి సాయంత్రం దాకా నూరాడు. సోమవారం అందరికంటే ముందు ల్యాబుకు పోయి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. రేణువులు కావు, బండరాళ్ళు. వాటిని జొన్నలోకి కొడితే జొన్న ఉండదు, పళ్ళెం కూడా ఉండదు.

పది గంటలకు ఫ్రిజ్ తెరిచిన శ్యామలాదేవికి ట్యూబు కనబడలేదు. పదిన్నరకు జగన్మోహన్ గారు అందరినీ వరండాలో నిలబెట్టారు. పోశయ్య చేత టిఫిన్ డబ్బాలు తెరిపించారు. సోదాలో ఒక బెండకాయ కూర, రెండు పెరుగన్నాలు, ఉప్పలయ్య మెంతికూర బయటపడ్డాయి. పోశయ్య మెంతికూరను వేలితో కెలికి, ఏమీ లేదన్నాడు. నిజానికి కొంచెం ఉంది.

"మధ్యాహ్నం లోపల ట్యూబు రాకపోతే పోలీసుల్ని పిలుస్తా" అన్నారు జగన్మోహన్ గారు. "ఆ మట్టిని చూసి బంగారమని మామూలువాడికి తెలియదు. ఏ కంసాలివాడో చేతులు కలిపి ఉండాలి."

ఉప్పలయ్యకు జనగామ బజారు, దుర్గమ్మ గొంతు, తండ్రి వంచుకున్న తల, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. పారిపోవడానికి ఇంకో ఊరు కూడా మిగల్లేదు. నేరుగా శ్యామలాదేవి ఉన్న గదిలోకి పోయి, జేబులోంచి పొట్లం తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

గులాబిరంగు పల్చటి కాగితం. నాలుగు వైపుల నుంచి మడిచి, చివర లోపలికి దోపిన మడత. నగ చేయించుకున్న ప్రతి ఇంట్లోనూ చూసే పొట్లం. శ్యామలాదేవి దాన్ని విప్పకుండా మడత మీద వేలు పెట్టింది.

"ఈ మడత మా అమ్మ బీరువాలో చూశానండీ" అంది నెమ్మదిగా. "మీరు కుర్చీలు చేసేవారు కదా."

"కాదు మేడం. ఔసలోన్ని. నా పేరు ఉప్పలాచారి."

మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. దుర్గమ్మ గుండ్లపేరుతో మొదలుపెట్టి మెంతికూర దాకా. "మిమ్ముల మోసం జేసిన్రనుకున్న మేడం. చెయ్యలే. సొక్కమే" అని ముగించాడు, అదేదో శుభవార్త అయినట్టు.

"సొక్కమని నాకు తెలుసండీ" అంది శ్యామలాదేవి. "రెండేళ్ళ క్రితమే చెప్పాను. మీరు నన్ను నమ్మలేదు. నాకు రేపు పొడి కావాలి. ఈ పూసను ఏం చేసుకోను?"

ఉప్పలాచారి సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంతలో ఏదో గుర్తొచ్చింది. "పొడే గావాలంటే జర ఆగున్రి" అని సీసాలు కడిగే తొట్టి కిందికి దూరి, బిస్కెట్ల డబ్బా ఒకటి లాగి తెచ్చాడు. మూత తీస్తే లోపల ఉడికించిన బిళ్ళలు, జల్లెళ్ళు. రెండేళ్ళవి, ఒక్కటి పోకుండా. ప్రతి బిళ్ళ మీదా గోధుమరంగు మరక ఉంది. విసిరినప్పుడు పొడి అంతా ఎగరదు, కొంత బిళ్ళకే అంటుకుపోతుంది.

ఆవిడ డబ్బా వైపు, అతని వైపు చూసింది. "ఇది నకిలీదనుకున్నారు కదా. మరి ఎందుకు దాచారు?"

"చెయ్యి ఇనలే మేడం" అన్నాడు ఉప్పలాచారి. "నకిలీదని దానికి ఎంత జెప్పిన ఇనలే. చెత్తబుట్టల వెయ్యనియ్యలే."

శ్యామలాదేవి లేచి జగన్మోహన్ గారి గదికి పోయింది. తలుపు తెరిచే ఉంది. "ట్యూబు దొరికిందండీ. నేనే వేరే డబ్బాలో పెట్టి మరిచిపోయాను" అని చెప్పడం ఉప్పలాచారికి వినిపించింది. ఆయన ఆవిడ మతిమరుపు మీద పావుగంట ఉపన్యాసమిచ్చారు. ఆవిడ నిలబడి విన్నది. తిరిగి వచ్చి, "చెప్పండి, ఏం కావాలి?" అంది.

"కుంకుడుకాయలు."

కంసాలి ఇంట్లో పుట్టినవాడికి ఇది నేర్పక్కర్లేదు. కుంపటి చుట్టూ ఊడ్చిన మట్టిని, రజను పడిన చాపను కడిగి బంగారం తీయడం చిన్నప్పటి నుంచి చేసిన పని. నిప్పు అక్కర్లేదు, నీళ్ళు, ఓపిక చాలు. గేటు ఎదురుగా సాలమ్మ కిరాణా కొట్టులో కుంకుళ్ళు తెచ్చి, రసం తీసి, వడగట్టి, గాజుపళ్ళెంలో బిళ్ళలు వేసి కడిగాడు. పళ్ళేన్ని మణికట్టుతో మెల్లగా ఊపి, వంచి, పైనీళ్ళు ఒంపాడు. సాయంత్రానికి పళ్ళెం అంచున గోధుమరంగు గీత పేరుకుంది. ఆవిడ చెప్పినట్టు రసం వాసన పోయేదాకా స్పిరిటుతో కడిగాడు. తూచి చూస్తే పోయినదాంట్లో సగం తిరిగి వచ్చింది. శ్యామలాదేవి మైక్రోస్కోపు మీద వంగి, ఎంతకూ లేవలేదు.

"ఉండలు కట్టలేదండీ" అంది చివరికి. "దేనికది విడివిడిగా ఉంది."

"జిడ్డు వోయింది మేడం. నగలకు గిట్లనే జేస్తం."

మంగళవారం గన్ను కొట్టారు. గురువారం కమిటీ వచ్చింది. ముగ్గురిలో పెద్దాయన కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి, పళ్ళెం మీద వంగి చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై దాకా వచ్చి తప్పిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తప్పిపోయాడు. "ఏం మార్చారు?" అని అడిగాడు.

"బంగారం తయారుచేసే పద్ధతండీ. మా ఉప్పలాచారి గారిని అడగండి."

జగన్మోహన్ గారు ఆ పేరుగలవాడు ఎవడా అని గదంతా వెతికారు. తడి చేతులతో ఉప్పలాచారి వచ్చి నిలబడ్డాడు.

"కుంకుడు రసం సార్" అన్నాడు.

పెద్దాయన పుస్తకం తీశాడు. "ఎంత శాతం?"

"నురుగు రానంత."

పెద్దాయన అలాగే రాసుకున్నాడు. జగన్మోహన్ గారు మాత్రం తేరుకోలేదు. "నువ్వు వడ్రంగివి కదయ్యా?" అన్నారు.

"కుర్సీలు బంద్ వెట్టిన సార్" అన్నాడు ఉప్పలాచారి.

ఆ సాయంత్రం శ్యామలాదేవి స్టాకు పుస్తకం తెరిచింది. తయారుచేసినవారు అన్న చోట ఉప్పలాచారి అని పూర్తి పేరు రాసింది. తగ్గిన బంగారానికి కారణం రాయాల్సిన చోట కొంచెంసేపు ఆలోచించి "తరుగు" అని రాసి సంతకం పెట్టింది. పూసను గులాబి కాగితంతో సహా సొరుగులో పెట్టి తాళం వేసింది. ఉప్పలాచారి ఇంటికి పోతూ పోశయ్యకు తన అసలు పేరు చెప్పాడు, అడగకపోయినా.

ప్రాజెక్టు మరో మూడేళ్ళు బతికింది. ముద్దల్లోంచి నలభై ఒక్క జొన్న మొక్కలు లేచాయి. మెష్ కట్టిన షెడ్డులో కంకులు కూడా వేశాయి. పురుగు వాటిని ముట్టుకోలేదు. కాని రెండువేల పదిలో దేశమంతా జీన్ పంటల మీద గొడవ ముదిరింది. కంపెనీకి భయం పట్టుకుని పని ఆపేసింది. రూలు ప్రకారం ఒక్క గింజ బయటికి పోకుండా అన్నీ కాల్చేయాలి. ఉప్పలాచారి నంబరు చదువుతూ ఒక్కో మొక్కను నిప్పులో పెట్టాడు. నిప్పుతో అన్నేళ్ళ పరిచయం ఉన్నవాడు ఆ రోజు మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. శ్యామలాదేవి దాచుకోకుండా ఏడ్చింది.

గుంటూరులో కాలేజీ ఉద్యోగానికి వెళ్ళిపోయే రోజున ఆవిడ అతన్ని పిలిచి గులాబిరంగు పొట్లం చేతిలో పెట్టింది.

"మడత నాకు సరిగా రాలేదండీ."

"ఇది కంపెనీది గద మేడం."

"కంపెనీ పుస్తకంలో ఇది మూడేళ్ళ క్రితమే తరుగులో పోయింది. జగన్మోహన్ గారికీ చెప్పాను. ఆయనా చారి గారికే ఇచ్చేయమన్నారు."

ఉప్పలాచారి పొట్లం పట్టుకుని నిలబడిపోయాడు. అతని వంశంలో మూడు తరాలు తరుగు తిన్నారని తిట్లు తిన్నవాళ్ళే. ఇదిగో నీ తరుగు అని పిలిచి చేతిలో పెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. పొట్లం విప్పి, సరైన మడతతో మళ్ళీ కట్టి జేబులో పెట్టుకున్నాడు.

అర గురిగింజ ఎత్తు బంగారానికి పెద్ద నగ రాదు. కుంపటి రాజేసి, దగ్గర కూర్చుని, మెంతికూర దూరంగా పెట్టించి, ఒక ముక్కుపుల్ల చేశాడు.

ఆ ఆదివారం ఉప్పల్ కూరగాయల మార్కెట్లో పక్కింటి వెంకటనర్సమ్మ టమాటాలు ఏరడం ఆపి శారదమ్మ ముక్కు వైపు చూసింది.

"మస్తు మెరుస్తున్నది. ఏ షోరూంల తీసుకున్నవ్ వదినా?"

"షోరూంది గాదు" అంది శారదమ్మ, బజారంతా వినపడేట్టు. "మా ఆయన తరుగు."